ఏడు సంఘాల టూర్ రివ్యూ: సార్దీస్‌కి ముప్పావు గంట, తోలు షాపుకి రెండు గంటలు

టర్కీలో ఏడు సంఘాల టూర్ ఎలా ఉంది, మేమూ వెళ్లొచ్చా అని చర్చిలోనూ వాట్సాప్‌లోనూ చాలామంది అడుగుతున్నారు కాబట్టి అందరికీ ఒకేచోట రాస్తున్నాను. వెళ్లండి. ప్రకటన గ్రంథం రెండు, మూడు అధ్యాయాల్లో ఈ ఏడు ఊళ్ల సంఘాలకి రాసిన ఏడు ఉత్తరాలు చదివినవాళ్లకి, వాటి మీద వాక్యం విన్నవాళ్లకి ఈ ప్రయాణం పెట్టిన ప్రతి రూపాయికీ తగినదే. కానీ మాకు అమ్మిన ప్లాన్‌ని ఉన్నదున్నట్టు కొనొద్దు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇంటికొచ్చాక వేరే కంపెనీల బ్రోచర్లు తిరగేస్తే వాటిలోనూ దాదాపు ఇదే ప్లాన్, ఇవే షాపులు, ఇదే తొందర. ఏం అడిగి మార్పించుకోవాలో ముందే తెలిస్తే ఎవరితో వెళ్లినా ఫర్వాలేదు. అది చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మనిషికి లక్షన్నర దాటింది. విమానం, హోటళ్లు, బస్సు, పొద్దున టిఫిను, రాత్రి భోజనం అందులోవే. మధ్యాహ్నం భోజనం, టిప్పులు, ఎఫెసులో కొండవాలు ఇళ్లకి వేరే టికెట్, ఇవన్నీ మన జేబులోంచే. మా గ్రూపులో సీఎస్ఐ వాళ్లు, బాప్టిస్టులు, పెంతెకోస్తు వాళ్లు, కొన్ని కతోలిక కుటుంబాలు కూడా ఉన్నాయి. మా అమ్మ కూడా వచ్చింది, ఆవిడకి మోకాళ్ల నొప్పులు, కాబట్టి మెట్ల గురించి, నడక గురించి కింద రాసేదంతా ఆవిడని దృష్టిలో పెట్టుకుని రాసిందే.

ముందు దారి సంగతి, ఎందుకంటే మా కంపెనీ చేసిన పెద్ద పొరపాటు అక్కడే ఉంది. ఈ ఏడు ఊళ్లూ టర్కీకి పడమటి వైపున ఉన్నాయి. ఎఫెసులో మొదలుపెట్టి ఉత్తరానికి వెళ్తే స్ముర్న, ఇంకా పైకి పెర్గము, అక్కడి నుంచి ఆగ్నేయంగా దిగుతూ తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, చివరికి లవొదికయ. ఉత్తరాలు బైబిల్లో ఏ వరసలో ఉన్నాయో దారి కూడా అదే వరసలో పోతుంది. యోహాను ఉన్న పత్మాసు ద్వీపం నుంచి ఎవరో ఒకరు ప్రకటన గ్రంథం చుట్ట పట్టుకుని పడవ దిగి, ఊరూరా సంఘాన్ని కూర్చోబెట్టి చదివి వినిపిస్తూ వెళ్లి ఉంటే ఇలాగే వెళ్లి ఉంటారు. మన దగ్గర ఈ ఏడు సంఘాలని సంఘ చరిత్రలో ఏడు కాలాలుగా బోధించడం ఎక్కువ. సార్దీస్ అంటే సంస్కరణ కాలం, ఫిలదెల్ఫియ అంటే మిషనరీల కాలం అని నేనూ సండే స్కూల్ నుంచి వింటూ వచ్చాను. ఆ బోధ మీద ఇక్కడ వాదన పెట్టుకోను. కానీ బస్సులో ఆ దారి వెంట వెళ్తుంటే, ఇవి ముందు మనుషులు బతికిన ఊళ్లు, ఒక్కో ఊరికి ఒక్కో కష్టం, ఒక్కో గర్వం ఉండేవి అన్నది మనసుకి పడుతుంది. మా కంపెనీ ఏం చేసిందంటే, లోపలి విమానం టికెట్ చవకగా దొరికిందని మమ్మల్ని దెనిజ్లీలో దింపింది, అంటే లవొదికయ నుంచి వెనక్కి తిప్పింది. చివరి ఉత్తరం మొదట చదివాం, మొదటి ఉత్తరం చివర చదివాం. బుక్ చేసేముందు "ఎఫెసు నుంచి మొదలవుతుందా?" అని అడగండి. ఇజ్మీర్‌కి విమానాలు బాగానే ఉన్నాయి, కాబట్టి కుదరదు అంటే నమ్మొద్దు. కింద మాత్రం నేను బైబిల్ వరసలోనే రాస్తున్నా.

గైడ్ గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. టర్కీలో లైసెన్సు ఉన్న గైడ్ లేకుండా గ్రూపుని తిప్పకూడదు. మాకొచ్చిన అమ్మాయి ముస్లిం, పురావస్తు శాస్త్రం చదువుకుంది, అపొస్తలుల కార్యములు మనలో చాలామంది కంటే బాగా తెలుసు. మా అమ్మని "తెయ్‌జే" అని పిలిచేది, అంటే వాళ్ల భాషలో పిన్నిగారు లాంటి పిలుపు. అమ్మ ఆమెని "అమ్మాయ్" అనేది, ఇద్దరికీ ఇంకో మాట అర్థం కాకపోయినా చేయి పట్టుకుని మెట్లన్నీ దిగారు. మాతో వచ్చిన పాస్టర్‌గారు వాక్యం చెప్తే ఆమె రాయి చూపించేది. ఈ టూర్‌లో నిజంగా పనికొచ్చింది ఆ జోడీ. పాస్టర్‌గారు ఒక్కరే ఉండి గైడ్ బలహీనంగా ఉంటే ప్రసంగం మిగులుతుంది, గైడ్ ఒక్కరే ఉంటే మ్యూజియం మిగులుతుంది.

ఎఫెసు. సెల్చుక్ అనే చిన్న ఊరి పక్కన ఉంటుంది. అందరూ ఫోటో తీసుకునే సెల్సస్ లైబ్రరీ ముందు గైడ్ అన్న మొదటి మాట, "దీన్ని పౌలు చూడలేదు, యోహాను ఈ ఉత్తరం రాసేనాటికి కూడా ఇది లేదు" అని. నిజమే. ప్రకటన గ్రంథం క్రీ.శ. 95 ప్రాంతంలో రాశారని ఎక్కువమంది పండితులు అంటారు, లైబ్రరీ కట్టింది 2వ శతాబ్దం మొదట్లో. ఇప్పుడు మనం చూసే ముఖభాగం కూడా పడిపోయిన రాళ్లని ఆస్ట్రియా పురావస్తు శాస్త్రవేత్తలు 1970ల్లో మళ్లీ నిలబెట్టింది. ఈ మాట వినగానే గ్రూపులో కొంతమందికి నిరుత్సాహం వచ్చింది, నాకు మాత్రం ఆమె మీద నమ్మకం కుదిరింది. ఏది పౌలు కాలానిది, ఏది తర్వాతది అని విడదీసి చెప్పే గైడ్ దొరకడం అదృష్టం.

పౌలుకి సంబంధించింది కావాలంటే లైబ్రరీ దాటి ముందుకి, నాటకశాలకి వెళ్లాలి. దాదాపు 25 వేలమంది పట్టేంత పెద్దది. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో దేమేత్రియ అనే కంసాలి అర్తెమి వెండి గుళ్ల వ్యాపారం పోతుందని జనాన్ని రెచ్చగొట్టాడు కదా, గాయియుని, అరిస్తర్కుని ఈడ్చుకొచ్చింది ఇక్కడికే. రెండు గంటలసేపు "ఎఫెసీయుల అర్తెమిదేవి మహాదేవి" అని అరిచారు. కరణం వచ్చి, కోర్టులున్నాయి, అధికారులున్నారు, అక్కడ తేల్చుకోండి అని జనాన్ని పంపించేశాడు. ఆ అధ్యాయం మొత్తం మెట్ల మీద కూర్చుని చదివాం. పౌలు లోపలికి వెళ్తానంటే శిష్యులు ఎందుకు ఆపారో ఆ మెట్ల వరసలు చూస్తే వేరే వివరణ అక్కర్లేదు. అక్కడి నుంచి పాత రేవుకి పోయే వీధి తిన్నగా కనిపిస్తుంది, కానీ చివర సముద్రం లేదు. నది తెచ్చిన ఒండ్రుతో రేవు పూడిపోయి సముద్రం కొన్ని కిలోమీటర్లు వెనక్కి పోయింది, అంత పెద్ద పట్నం దానితోనే ఖాళీ అయింది. మొదట నీకుండిన ప్రేమను వదిలితివి, మారకపోతే నీ దీపస్తంభం చోటు తప్పిస్తానన్న మాట పాస్టర్‌గారు చదివింది ఆ వీధి చూస్తూనే.

ఇక్కడ మా ప్లాన్‌లో లేనిది ఒకటి ఉంది, మీరు తప్పకుండా అడగండి. కింది గేటు దగ్గర, అందరూ నడిచే దారికి కాస్త పక్కన మరియమ్మ చర్చి శిథిలాలు ఉన్నాయి. క్రీ.శ. 431లో బిషప్పుల ఎఫెసు సభ జరిగింది అక్కడే. కాన్‌స్టాంటినోపుల్ బిషప్ నెస్తోరియస్‌ని, అలెగ్జాండ్రియా బిషప్ సిరిల్ పక్షం వాళ్లు పదవి నుంచి తీసేసిన సభ, మరియని దేవుని తల్లి అని పిలవొచ్చా అన్న గొడవ. మనకి దూరపు సంగతిలా అనిపిస్తుంది కానీ నెస్తోరియస్‌ని తప్పుబట్టడానికి ఒప్పుకోని పర్షియా ప్రాంతపు తూర్పు సంఘంతోనే కేరళ తోమా క్రైస్తవులకి శతాబ్దాల పాటు సంబంధం ఉంది. మన దేశంలో క్రైస్తవ్యం ఎలా పెరిగిందో తెలుసుకోవాలంటే ఈ సభ గురించి కొంచెమైనా తెలియాలి. మేము గైడ్‌ని అడిగితే పావుగంటలో తీసుకెళ్లి చూపించింది. బస్సుల గ్రూపులు చాలావరకు ఆ పక్కకే రాలేదు.

ఎఫెసులో నీడ లేదు. వేసవిలో అయితే గేట్లు తెరవగానే వెళ్లండి, కుషాదాసి రేవుకి ఓడలు వచ్చిన రోజు పదింటికల్లా జనం కిక్కిరిసిపోతారు. పై గేటు నుంచి కిందికి నడిస్తే పెద్దవాళ్లకి తేలిక, కానీ పాలరాయి నున్నగా అరిగిపోయి జారుతుంది, చెప్పులు కాదు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. అర్తెమి గుడి విషయానికొస్తే, ప్రపంచ ఏడు వింతల్లో ఒకటి అని ఊహించుకుని వెళ్లొద్దు, నీళ్లు నిలిచిన గుంటలో మళ్లీ పేర్చిన ఒక్క స్తంభం ఉంటుంది, దాని మీద కొంగ గూడు. ఐదు నిమిషాలు చాలు. కొండ మీద మరియమ్మ ఇల్లు కతోలికులకి ముఖ్యమైన చోటు, ముగ్గురు పోప్‌లు వచ్చి వెళ్లారు, మాతో ఉన్న కతోలిక కుటుంబాలు ఎంతో భక్తిగా ప్రార్థన చేసుకున్నారు. ఆ ఇంటిని గుర్తించింది మాత్రం 1891లో, ఒక జర్మన్ సన్యాసిని దర్శనాల ఆధారంగా. ఆ సంగతి కూడా గైడ్ దాచలేదు.

స్ముర్న అంటే ఇప్పటి ఇజ్మీర్, ఏడింటిలో ఇంకా మహానగరంగా ఉన్నది ఇదొక్కటే. నగరం మధ్యలో పాత అగోర తవ్వి తీశారు. అగోర అంటే సంత కూడా, కోర్టు కూడా, నలుగురూ చేరే చోటు కూడా. భూమి కింద రాతి కమానుల వరసలు చాలా బాగున్నాయి. కానీ క్రీ.శ. 178 భూకంపం తర్వాత తిరిగి కట్టింది అది. స్ముర్న అనగానే నాకు ఈ ఊరి బిషప్ పోలికార్పు కావాలి. 155 ప్రాంతంలో ఆయన్ని ఈ ఊరి క్రీడారంగంలో చంపారు. క్రీస్తుని దూషించు, వదిలేస్తాను అని అధికారి అంటే, 86 ఏళ్లుగా ఆయన్ని సేవిస్తున్నాను, నాకు ఏ కీడూ చేయలేదు, నన్ను రక్షించిన నా రాజుని ఎలా దూషిస్తాను అన్నాడు. పోలికార్పు యోహాను శిష్యుడని, తర్వాత లియోన్ బిషప్ అయిన ఇరేనియస్ రాశాడు, ఆ ఇరేనియస్ చిన్నప్పుడు పోలికార్పు మాటలు స్వయంగా విన్నవాడు. అంటే యోహానుకి, రెండో శతాబ్దం చివర్లో గాల్ దేశంలోని, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్ సంఘానికి మధ్య ఉన్నది ఒక్క మనిషే. "మరణమువరకు నమ్మకముగా ఉండుము" అని ఈ ఊరికి రాసిన ఉత్తరాన్ని పోలికార్పు ఎన్నిసార్లు చదివించి ఉంటాడో అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఇజ్మీర్‌లో సెయింట్ పోలికార్ప్ చర్చి ఉంది, 17వ శతాబ్దపు కతోలిక చర్చి, లోపల గోడలన్నీ బొమ్మలు. మాకు లోపలికి వెళ్లడం కుదరలేదు, ఎందుకంటే ముందుగా అనుమతి అడగాలని కంపెనీకి తెలిసి కూడా అడగలేదు. బయట గేటు దగ్గర నిలబడి ప్రార్థన చేసి వచ్చేశాం. ఇది నాకు చాలా బాధ కలిగించింది. బుక్ చేసేటప్పుడే ఈ చర్చి పేరు చెప్పి, లోపలికి అనుమతి తీసుకుంటారా అని రాతపూర్వకంగా అడగండి.

పెర్గము, ఇప్పటి బెర్గమా. కొండపైకి కేబుల్ కార్ ఉంది, మా అమ్మ లాంటివాళ్లకి పెద్ద వరం. పైన రోమా చక్రవర్తి ట్రాజన్ గుడి, కొండ అంచునుంచి తిన్నగా కిందికి జారిపోయే నాటకశాల, చూస్తేనే కళ్లు తిరుగుతాయి. ఈ ఊరి ఉత్తరంలో చెప్పిన సాతాను సింహాసనం ఏది అని అందరూ అడిగారు. గైడ్ జ్యూస్ బలిపీఠం ఉన్న చోటు చూపించింది, మెట్ల వేదిక మీద చెట్లు పెరిగి ఉన్నాయి. శిల్పాలన్నీ 1878లో మొదలైన జర్మన్ తవ్వకాల్లో బయటపడి బెర్లిన్‌కి వెళ్లిపోయాయి. అదే సింహాసనం అని కొందరు, వైద్య దేవుడు అస్క్లేపియస్ గుడి అని కొందరు, చక్రవర్తి పూజ అని కొందరు అంటారు. నాకు మూడోదే సబబుగా అనిపించింది. ఆసియా రాష్ట్రంలో చక్రవర్తికి మొదటి గుడి కట్టడానికి క్రీ.పూ. 29లో అనుమతి తెచ్చుకున్నది ఈ ఊరే. కైసరే ప్రభువు అనమని అడిగే చోట, యేసే ప్రభువు అన్నందుకు, ఉత్తరంలో పేరున్న సాక్షి అంతిప ప్రాణం పోయింది అనుకుంటే ఉత్తరం మొత్తం అర్థవంతంగా చదవొచ్చు. అంతిప గురించి బైబిల్లో ఉన్నది ఒక్క వచనమే, ఇత్తడి ఎద్దులో పెట్టి కాల్చారన్నది తర్వాతి కాలపు సంప్రదాయం. మా బుక్‌లెట్‌లో మాత్రం దాన్ని బైబిల్లో ఉన్నట్టే రాశారు. బుక్‌లెట్ సంగతి కింద చెప్తాను.

తుయతైర అంటే అఖిసార్, ఆలివ్ తోటల ఊరు. ఊరి మధ్యలో కంచె వేసిన ఒక చిన్న స్థలం, కొన్ని స్తంభాలు, కమాను రాళ్లు, చుట్టూ దుకాణాలు, అపార్ట్‌మెంట్లు. అరగంట చాలు. ఏడింటిలో పొడుగైన ఉత్తరం వచ్చింది ఇంత చిన్న చోటుకి. ఊదారంగు బట్టలమ్మే లూదియ ఈ ఊరావిడే, పౌలుకి కనబడింది మాత్రం ఫిలిప్పీలో. చేతిపనుల వాళ్ల సంఘాలు, విందులు, ఆ విందుల్లో విగ్రహాలకి పెట్టిన భోజనం, వ్యాపారం చేసుకుని బతకాలంటే తప్పని పరిస్థితి, ఉత్తరంలో యెజెబెలు అనే స్త్రీ గురించిన హెచ్చరిక దీని మీదేనని గైడ్ బాగా చెప్పింది.

ఇప్పుడు సార్దీస్. నేను ఎక్కువ కోపంగా ఉన్నది దీని గురించే. ప్లాన్‌లో దీనికి ఇచ్చింది ముప్పావు గంట. అదే రోజు తోలు కోట్ల షాపులో రెండు గంటలు కూర్చోబెట్టారు, మోడళ్లతో ఫ్యాషన్ షో కూడా పెట్టారు, బయటికి వెళ్తామంటే బస్సు తాళం వేసి ఉంది. ప్రార్థనాపూర్వకంగా డబ్బు దాచుకుని వచ్చిన పెద్దవాళ్లని అలా కూర్చోబెట్టడం చాలా తప్పు.

సార్దీస్‌లో చూడాల్సినవి రెండు చోట్ల ఉన్నాయి. రోడ్డు పక్కన స్నానశాల, వ్యాయామశాల, దానికి ఆనుకుని పెద్ద యూదుల సమాజ మందిరం, 1962లో బయటపడింది. నేలంతా మొజాయిక్, గద్దల చెక్కడం ఉన్న రాతి బల్ల. గోడ పక్కన వరసగా దుకాణాలు, కొన్నిటిలో సిలువ గుర్తులు, కొన్నిటిలో యూదుల దీపస్తంభం గుర్తులు దొరికాయి, పక్కపక్కనే వ్యాపారం చేసుకున్నారన్నమాట. ఇవన్నీ యోహాను కాలం తర్వాతవి, అయినా చూడాలి. రెండోది అక్కడికి కిలోమీటరు పైన, లోయలోకి వెళ్తే వచ్చే అర్తెమి గుడి. ప్లాన్‌లో మొదటిది మాత్రమే ఉంది. గైడ్ డ్రైవర్‌ని బతిమాలి రెండోదానికి తీసుకెళ్లింది. నా దృష్టిలో మొత్తం టూర్‌లో అందమైన చోటు అదే. పూర్తి ఎత్తున నిలబడ్డ రెండు స్తంభాలు, వెనక ఎర్రమట్టి కొండలు, గుడి మూలలో ఒదిగి 4వ శతాబ్దపు చిన్న ఇటుక చర్చి.

అక్కడ నిలబడి తలెత్తితే కోట ఉన్న కొండ నిట్టనిలువుగా కనిపిస్తుంది. బంగారానికి పేరుపడ్డ క్రోయసస్ రాజు కోట అది. ఎవరూ ఎక్కలేరని ఆ పక్క కాపలా పెట్టలేదు. పైనుంచి జారిపడ్డ శిరస్త్రాణం కోసం ఒక సైనికుడు దిగి ఎక్కడం శత్రువులు చూశారు, ఆ దారినే ఎక్కి కోట పట్టుకున్నారు అని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. పట్టుకున్న రాజు మన బైబిల్లోని పర్షియా రాజు కోరెషే. తర్వాత క్రీ.పూ. 3వ శతాబ్దంలోనూ కాపలా లేని చోటునుంచే ఎక్కి మళ్లీ పట్టుకున్నారు. ఆ ఊరికి "జాగరూకుడవై" ఉండు, లేకపోతే దొంగలా వస్తాను అని రాస్తే ఆ ఊళ్లో పిల్లలకి కూడా గుచ్చుకుని ఉంటుంది. రెండో శతాబ్దంలో ఇక్కడి బిషప్ మెలితో. పాత నిబంధన పుస్తకాల జాబితా రాసిన క్రైస్తవుల్లో మనకి తెలిసినంతలో మొదటివాడు ఆయనే, సరైన జాబితా కోసం తూర్పుకి ప్రయాణం చేసి మరీ తెలుసుకున్నాడు. ఇంత ఉన్న చోటుకి ముప్పావు గంటా? కనీసం రెండున్నర గంటలు అడగండి, రెండు చోట్లూ ప్లాన్‌లో పేరుపెట్టి రాయించుకోండి.

ఫిలదెల్ఫియ, ఇప్పటి అలాషెహిర్. ద్రాక్షతోటల మధ్య ఊరు. చూడ్డానికి మిగిలింది యోహాను పేరిట కట్టిన బైజాంటిన్, అంటే తూర్పు రోమా సామ్రాజ్య కాలపు చర్చి స్తంభాలు, ఇటుక, రాయి కలిపి కట్టిన లావాటి దిమ్మలు. పక్కనే మసీదు, మేమున్నప్పుడే నమాజు పిలుపు వినిపించింది, అది అయ్యేదాకా పాస్టర్‌గారు ఆగి తర్వాత చదివారు. క్రీ.శ. 17లో పెద్ద భూకంపం ఈ ప్రాంతాన్ని కుదిపేసింది, ఆ తర్వాత కూడా గోడలు పగుళ్లిస్తూ ఉంటే జనం ఊరు వదిలి పొలాల్లో బతికేవారని ఆ కాలపు భూగోళ రచయిత స్త్రాబో రాశాడు. జయించినవాణ్ని నా దేవుని ఆలయంలో స్తంభంగా చేస్తాను, వాడు ఇక ఎన్నటికీ బయటికి వెళ్లడు అన్న మాట ఆ దిమ్మల పక్కన చదివితే గ్రూపులో ఒక పెద్దాయన ఏడ్చేశాడు. చుట్టూ ఉన్న ఊళ్లన్నీ తుర్కుల చేతికి పోయాక కూడా 1390 దాకా బైజాంటిన్ క్రైస్తవ పట్నంగా నిలిచింది ఇది. గంట సరిపోతుంది.

లవొదికయ. దెనిజ్లీ పక్కన, ఇంకా తవ్వకాలు జరుగుతూనే ఉన్నాయి, 2003 నుంచి పాముక్కలే యూనివర్సిటీ వాళ్లు చేస్తున్నారు. పెద్ద స్థలం, నీడ తక్కువ, కానీ దారి చదునుగా ఉంటుంది. 2010లో బయటపడిన 4వ శతాబ్దపు చర్చికి పైకప్పు వేసి, మొజాయిక్ నేల పాడవకుండా పైన గాజు దారి వేశారు, బాప్తిస్మపు తొట్టి స్పష్టంగా ఉంది. క్రీ.శ. 60లో భూకంపం వచ్చి కూలిపోతే రోము సాయం లేకుండా సొంత డబ్బుతో తిరిగి కట్టుకుందని రోమా చరిత్రకారుడు తాసితస్ రాశాడు. నేను ధనవంతుడను, నాకేమియు కొదువలేదు అనుకునే సంఘం అలాంటి ఊళ్లోదే.

నీళ్ల గొట్టాలు అడిగి చూడండి. నీటి గోపురం దగ్గర మట్టి గొట్టాల లోపల సున్నం పేరుకుని సగం మూసుకుపోయి ఉంది. అక్కడి నుంచి ఉత్తరంగా చూస్తే పాముక్కలే, అంటే హియెరాపొలి తెల్లటి కొండ కనిపిస్తుంది, అక్కడ వేడి ఊటలు. ఇంకో వైపు కొలొస్సయి, అక్కడ కొండ మీంచి వచ్చే చల్లటి నీళ్లు. వేడి నీళ్లు వైద్యానికి, చల్లటి నీళ్లు దాహానికి, రెండూ పనికొచ్చేవే, మధ్యలో ఇక్కడి నీళ్లు దేనికీ కాదు, నువ్వు చల్లగానూ లేవు, వెచ్చగానూ లేవు, నులివెచ్చగా ఉన్నావు అని ఉత్తరం చెప్పేది ఇదే అని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. పండితులందరూ ఒప్పుకున్నది కాదని గైడ్ కూడా చెప్పింది. కానీ చల్లగా అంటే అవిశ్వాసి, వెచ్చగా అంటే మంచి విశ్వాసి అని విన్న మాకు, చల్లగా ఉన్నా మేలే అని ప్రభువు ఎందుకన్నాడో అన్న ప్రశ్నకి ఇది మంచి జవాబుగా అనిపించింది. బస్సులో దీని మీద రాత్రి దాకా చర్చ నడిచింది, పాస్టర్‌గారు కూడా మళ్లీ చదవాలి అన్నారు.

హియెరాపొలిలో అందరూ తెల్లటి సున్నపు మడుగుల్లో కాళ్లు పెట్టుకుని ఫోటోలు దిగారు, బాగానే ఉంటుంది. కానీ పైన అపొస్తలుడైన ఫిలిప్పు పేరిట ఎనిమిది కోణాల చర్చి ఉంది, 5వ శతాబ్దపుది, దాని దగ్గర దొరికిన సమాధి ఫిలిప్పుదేనని 2011లో ఇటలీ పురావస్తు బృందం ప్రకటించింది. ఎక్కడానికి మెట్లు ఎక్కువ, అమ్మ కిందే ఉండిపోయింది, మోకాళ్లు బాగాలేనివాళ్లు ప్రయత్నించొద్దు.

ఇక బుక్‌లెట్. బైబిల్, సంఘ చరిత్రలోని పేర్లు, ఊళ్లు, మాటల వివరణ అంటూ రంగుల పుస్తకం ఒకటి అందరికీ ఇచ్చారు. ఆలోచన ఎంతో మంచిది, అక్షరాలు పెద్దవి, పెద్దవాళ్లు చదువుకోగలరు. కానీ తప్పులు చాలా ఉన్నాయి. శిష్యులకి మొదట క్రైస్తవులు అని పేరొచ్చిన సిరియ అంతియొకయ, అంటే 2023 భూకంపంలో దెబ్బతిన్న ఇప్పటి అంతాక్యా, దాని కింద పిసిదియ అంతియొకయ ఫోటో వేశారు. అది యల్వాచ్ దగ్గర ఉంది, రెండింటికీ వందల కిలోమీటర్ల దూరం. సెల్సస్ లైబ్రరీ ఫోటో కింద, పౌలు ఎఫెసులో బోధించిన "తురన్ను పాఠశాల" అని రాశారు. పన్నెండుమందిలోని ఫిలిప్పునీ, కైసరయలో ఉన్న సువార్తికుడైన ఫిలిప్పునీ ఒకటే చేసేశారు. పాతకాలంలోనే ఈ ఇద్దరినీ కలిపి రాసినవాళ్లున్నారు నిజమే, కానీ ఆ సంగతి చెప్పాలి కదా.

అన్నిటికంటే పెద్దది, 325లో బిషప్పుల నికయ సభలో బైబిల్ పుస్తకాలు ఎన్నుకున్నారు అని రాయడం. ఇది మన యూట్యూబ్ ప్రసంగాల్లో కూడా తిరుగుతోంది కాబట్టి గట్టిగా చెప్తున్నా. నికయలో తేల్చింది ఏరియస్ అనే సంఘ బోధకుడి బోధ గురించి, కుమారుడు తండ్రితో సమానుడా కాదా అని. దానితో పాటు పస్కా పండుగ తేదీ, సంఘ నియమాలు. ఏ పుస్తకాలు బైబిల్లో ఉండాలన్నది అక్కడ తీర్మానించలేదు. ఇప్పుడు మన చేతిలో ఉన్న కొత్త నిబంధన 27 పుస్తకాల జాబితా సరిగ్గా అలాగే కనిపించేది అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ 367లో రాసిన పండుగ ఉత్తరంలో. ఇంకో సంగతి, అదే శతాబ్దంలో లవొదికయలో ఒక సభ జరిగింది, దాని నియమాలతో పాటు వచ్చిన జాబితాలో ప్రకటన గ్రంథం లేదు. ఆ జాబితా తర్వాత చేర్చిందేమో అన్న అనుమానం పండితులకి ఉంది. అయినా తమ ఊరికే ఉత్తరం ఉన్న పుస్తకం ఆ జాబితాలో లేకపోవడం విని మేమంతా ఆశ్చర్యపోయాం. ఇలాంటివి బుక్‌లెట్‌లో ఉంటే ఎంత బాగుండేది. కంపెనీకి తప్పులన్నీ రాసి పంపాను, సరిచేస్తామన్నారు. సరిచేసిన కాపీ ఇస్తేనే వాడండి, లేకపోతే మంచి బైబిల్ నిఘంటువు ఒకటి ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి.

తిండి, హోటళ్లు బాగున్నాయి. పొద్దున జున్ను, ఆలివ్‌లు, టమాటా, దోసకాయ, గుడ్లు, బోలెడన్ని రొట్టెలు. ఎర్రపప్పు సూప్ ప్రతిచోటా దొరుకుతుంది, కారం మిరప పొడి అడిగితే ఇస్తారు. అన్నం నూనెతో వండుతారు, అమ్మకి అది పడలేదు, తెచ్చుకున్న గోంగూర పచ్చడితో సరిపెట్టుకుంది. ఆవకాయ తీసుకెళ్తే లగేజీలో బాగా చుట్టండి.

నా మార్కులు: గైడ్‌కి ఐదుకి ఐదు. బస్సు, హోటళ్లకి నాలుగు. బుక్‌లెట్‌కి రెండు. ప్లాన్‌కి రెండున్నర, ఆ సగం కూడా గైడ్ బతిమాలి కలిపిన చోట్ల వల్లే.

బుక్ చేసేముందు అడగాల్సినవి మళ్లీ చెప్తున్నా, ఫోన్‌లో కాదు, మెయిల్‌లో అడగండి. ఎఫెసు నుంచి మొదలవుతుందా. సార్దీస్‌లో రెండు చోట్లూ ఉన్నాయా. పోలికార్ప్ చర్చికి అనుమతి తీసుకున్నారా. షాపులు ఎన్ని, వద్దంటే బస్సులోనో బయటో ఉండొచ్చా. కొలొస్సయి కలపగలరా, అది హొనాజ్ పక్కన పెద్దగా తవ్వని మట్టిదిబ్బ, చూడ్డానికి ఏమీ ఉండదని కంపెనీలు వదిలేస్తాయి, కానీ పౌలు ఉత్తరాల్లో కనిపించే ఎపఫ్రా, ఫిలేమోను, ఒనేసిము తిరిగిన ఊరు, లవొదికయ నుంచి ఎక్కువ దూరం కాదు. పత్మాసు గ్రీసు దేశంలో ఉంది, దానికి వేరే వీసా, వేరే ప్రయాణం, "పత్మాసు వ్యూ" అని బ్రోచర్‌లో కనబడితే ఏం చూపిస్తారో అడగండి. టర్కీ ఈ-వీసా మనవాళ్లకి అమెరికా, బ్రిటన్, షెంగెన్ లాంటి వీసా చేతిలో ఉంటేనే వస్తుంది, లేనివాళ్లు వీసా సెంటర్‌లో దరఖాస్తు చేసుకోవాలి, మా గ్రూపులో కొందరికి ఆఖరి వారం దాకా రాక టెన్షన్ పడ్డారు, కాబట్టి ఆ పని ముందుగా మొదలుపెట్టండి.